ముందు చక్రం ఆడుతోందా?

మన హాస్టల్ నుంచి వెళ్ళిన అన్నల్లో టీచర్లున్నారు, కానిస్టేబుళ్ళున్నారు. కారు స్టీరింగ్ పట్టుకుని ఇల్లు నడుపుతున్నవాళ్ళూ తక్కువేం లేరు. మా నాన్నా డ్రైవరే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది నేనే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా, సెలవులొస్తే షెడ్డులో పానాలు అందిస్తుంటాను. అక్కడ నేర్చుకున్నదే తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను.

నాన్న నడిపింది ఒక ఓనరు గారి మారుతి 800. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినా మా వైపు ఇంకా తిరుగుతూనే ఉంది. గుంటలో పడినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్ టక్‌మనేది. నాన్న చెబితే, నడిచినన్నాళ్ళు నడపమన్నారు. ఒకరోజు మలుపులో, నెమ్మదిగా వెళ్తుండగానే, బాల్ జాయింట్ ఊడి చక్రం పక్కకు ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రిపేరు ఖర్చు మాత్రం నాన్న జీతంలో కోశారు.

బాల్ జాయింట్ మన భుజం కీలు లాంటిది, గిన్నెలో గుండు. అడుగున ఉండే లోయర్ ఆర్మ్‌నీ, చక్రాన్ని మోసే నకిల్‌నీ కలుపుతుంది. చక్రం పైకీ కిందికీ ఊగుతూనే పక్కకు తిరిగేది దానివల్లే. స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే టై రాడ్ చివరా ఇలాంటి కీలే ఉంటుంది. రెంటికీ రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే గ్రీజు పోయి, దుమ్మూ నీళ్ళూ చేరి గుండు అరిగిపోతుంది. అందుకే ముందు ఆ రబ్బరు చూడాలి.

వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, స్టాండు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో, బేరింగో అన్నమాట. ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగితే బేరింగ్, ఇంకా ఆడితే బాల్ జాయింట్. కుడీ ఎడమా పట్టుకున్నప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్‌ను అనుమానించాలి.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు స్ప్లిట్ పిన్ తీసి నట్టు వదులు చేస్తారు. అయినా అది రాదు. దాని కాడ ఒక వైపుకు సన్నబడుతూ నకిల్ రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది. మర మీద కొడితే మర పాడవుతుంది. రంధ్రం ఉన్న భాగానికి పక్క నుంచి సుత్తితో గట్టిగా కొట్టాలి, టప్‌మని వదిలేస్తుంది. క్లాసులో బట్టీపట్టిన ఘర్షణ నాకు ఆరోజే అర్థమైంది! లాక్ నట్టు వదిలి, పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాలి. స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించాలి గానీ వెనక్కి తిప్పకూడదు. పిన్ కొత్తదే వేయాలి.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చివరిగా బిగించేది కారు బరువు చక్రాల మీదకు దిగాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. షాకబ్జర్ మీది స్ప్రింగ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. నొక్కి పట్టే సరైన పనిముట్టు లేకుండా విప్పితే ప్రాణం తీస్తుంది.

చుట్లు లెక్కపెట్టినా చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సిందే, లేకపోతే కొత్త టైరు ఒక అంచునే అరిగిపోతుంది. వార్డెన్ సార్ ఒప్పుకుంటే, సంక్రాంతి సెలవులయ్యాక ఆ ఊడిన బాల్ జాయింట్ తెచ్చి చూపిస్తాను. నాన్న దాన్ని పారేయనివ్వలేదు.