స్పోరన్ వెంట్రుకలు: గుఱ్ఱపువా, నైలానువా?

స్కాట్లండు బ్యాగ్‌పైపుల నాదమును రేడియోలో వినునప్పుడు వాయించువారి వేషము మనకు కానరాదు. ఆ వేషములోని యొక్క వస్తువును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

స్కాట్లండులోని హైలాండ్సు అను కొండసీమ పురుషుల సంప్రదాయ వస్త్రము కుచ్చెళ్ళుగల కిల్టు. దానికి జేబులుండవు. అందుచేత డబ్బు, తాళపుచెవులు ఉంచుకొనుటకై నడుమునకు ముందువైపున, గొలుసుతోనో తోలుపట్టీతోనో ఒక సంచిని వ్రేలాడదీసికొందురు. అదియే స్పోరన్. గేలిక్ భాషలో ఈ మాటకు డబ్బుసంచి యని యర్థము. నిత్యవ్యవహారమునకు వట్టి తోలుసంచి చాలును. వాద్యబృందములవారును, సైనికులును ధరించు స్పోరన్‌కు మాత్రము పొడవైన తెల్లని వెంట్రుకలు, వానిపై నల్లని కుచ్చులు ఉండుట పరిపాటి.

ఆ వెంట్రుకలు సహజమైనవి కావలెనా, కృత్రిమమైనవి కావలెనా యనునదే కొనువారి సందేహము. సవరము కొనునప్పుడు మన యిండ్లలోని స్త్రీలకు కలుగు సందేహమే ఇది.

గుఱ్ఱపు తోక వెంట్రుకకు బరువును, బిరుసును గలవు. అడుగు పడినప్పుడెల్ల లయతో ఊగి, మరల తన చోట నిలుచును. కాని దాని వెల హెచ్చు. అది తడిని పీల్చును. కాలక్రమమున పసుపు బారవచ్చును. ఉన్నిబట్టలను కొరుకు పురుగు దానిని గూడ తినును.

నైలాను వంటి కృత్రిమపు నూలు చవుక. దానిని పురుగు ముట్టదు. వానలో తడిసినను త్వరగా ఆరును. అయితే తేలికదగుటచే గాలికి చెదరును. పొడి వాతావరణమున విద్యుదావేశము పుట్టి పోగులు విడివడి నిలుచును, చిక్కుపడును. ఇస్త్రీపెట్టె సెగ తగిలినచో ముడుచుకొని పోవును, మరల సరికాదు.

రెంటికిని భేదము తెలియవలెనన్న, రాలిన పోగు నొకదానిని నిప్పున కంటించి చూడవచ్చును. సహజమైనది వెంట్రుక కాలిన కంపుకొట్టి, నలిపిన పొడియగును. నైలాను కరగి, గట్టి పూసగా మారును.

ఇక ఎంపిక. ఏటేట కవాతు చేయుచు, చిరకాలము వాడదలచిన వాద్యకారునకు గుఱ్ఱపు వెంట్రుకయే తగును. నేర్చుకొను బాలునకును, ఏడాదికొకమారు వివాహమునకు ధరించువానికిని, జంతువుల వస్తువులను వాడనొల్లనివానికిని కృత్రిమమైనది చాలును. అందు చిన్నతనమేమియు లేదు. బృందమున కంతకును కొనునప్పుడు మాత్రము రెంటిని కలుపరాదు. పదిమంది వరుసలో ఒక్కని స్పోరన్ వేరు తెలుపుతో మెరసిన, చూపరుల కన్ను దానిమీదనే నిలుచును. డబ్బు చాలనిచో అందరికిని కృత్రిమమైనవే కొనుట మేలు.

ఏది కొన్నను చన్నీటితో, మెత్తని సబ్బుతో కడిగి, నీడను వ్రేలాడదీసి ఆరనిచ్చి, కొసలనుండి పైకి చిక్కుతీయవలెను. తోలుభాగమును తడియనీయరాదు. పెట్టెలో మడిచి పెట్టక, దువ్వి వ్రేలాడదీసినచో మరుసటి యుత్సవమునకు అది సిద్ధముగ నుండును.