డెల్టా చివర ఉప్పు: అపోహలు – వాస్తవాలు

బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్లు అందే గుడివాడ, బందరు, దివిసీమల్లో ఎవరిని కదిపినా పంట కాలువ గురించే చెబుతారు. మురుగు కాలువ ఊసు చేను మునిగినప్పుడే వస్తుంది. చౌడు మీద మనకున్న అపోహలు చాలావరకు ఈ మరుపులోంచే పుట్టాయి.

అపోహ: పొలం చౌడుబారిందంటే సముద్రమే కారణం.

వాస్తవం: సముద్రం ఒక కారణం మాత్రమే. నది తెచ్చిన ఒండ్రు సముద్రపు అంచున పేరుకుని ఏర్పడిన నేల ఇది. చాలాచోట్ల అడుగున పాతకాలపు ఉప్పునీరు ఇంకా ఉంది. మురుగు బయటికి పోకపోతే ఆ నీటిమట్టం పైకొస్తుంది. ఎండాకాలం ఖాళీ పొలంలో తేమ మట్టి సందుల్లోంచి పైకి పాకి ఆవిరైపోతే, ఉప్పు పైనే మిగులుతుంది. గుర్రపుడెక్క కమ్మేసిన డ్రెయిన్లు, పోటునీటిని ఆపలేని తూము తలుపులు, ఉప్పునీటి రొయ్యల చెరువుల ఊట, మంచినీటి పొరను దాటి దించిన బోర్లు కూడా కారణాలే. ఇవన్నీ మనం సరిచేసుకోగలిగినవే.

అపోహ: చౌడుకు జిప్సం చల్లితే చాలు.

వాస్తవం: సోడియం పట్టిన కారుచౌడుకైతే జిప్సం మందే. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను తోసేస్తుంది. ఉప్పు పేరుకున్న పాలచౌడుకు దానితో పనిలేదు. మంచినీళ్లు నిలగట్టి, ఉప్పును కరిగించి, మురుగులోకి పంపాలి. ఏ చౌడో మట్టి పరీక్షే చెబుతుంది. బందరు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం వరి రకాలు ఉప్పును తట్టుకుంటాయి కానీ, నేలలోని ఉప్పును తీసేయవు. డ్రెయిను పనిచేయని ఊళ్లో జిప్సం కొన్న డబ్బూ వృథాయే.

అపోహ: వరి చేలో ఎప్పుడూ నీళ్లు నిలబడాలి.

వాస్తవం: అక్కర్లేదు. చిల్లుల గొట్టం పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెడితే నీరు మిగులుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. పూత దశలో మాత్రం తడి ఆరనివ్వకూడదు. గుడివాడ వైపు మంచి నేలల్లో ఇది నిక్షేపంగా చేయొచ్చు. కోడూరు, నాగాయలంక శివారు చౌడు నేలల్లో ఇదే పద్ధతిని గుడ్డిగా పాటిస్తే, ఆరిన ప్రతిసారీ ఉప్పు పైకొస్తుంది. డెల్టా అంతటికీ ఒకే సలహా ఇచ్చేవారిని నేను నమ్మను.

అపోహ: రెండో పంటంటే దాళ్వా వరే.

వాస్తవం: మినుమూ రెండో పంటే. తొలి పంట వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లడం ఇక్కడి రైతుల సొంత విద్య. దున్నకం లేదు, మిగిలిన తేమతోనే పండుతుంది, వేరు బుడిపెలు నేలకు నత్రజనినిస్తాయి. యంత్రంతో కోస్తే చక్రాల కింద మొలకలు నలుగుతాయి కాబట్టి, కోత అయ్యాక వెంటనే విత్తుకునేవారూ ఉన్నారు. గడ్డి తగలబెట్టకుండా పశువులకు తోలుకుంటే మేతా దక్కుతుంది, పొగా తప్పుతుంది. అయితే నీరు నిలిచిన మడిలో మినుము కుళ్లిపోతుంది. అందుకే డ్రెయిన్ల పూడికతీత ఎండాకాలంలోనే, తొలకరికి ముందే అయిపోవాలని నీటి సంఘాలు గట్టిగా అడగాలి.