మట్టిలో చదివే వృక్షశాస్త్రం

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివే మన పిల్లల్లో అనేకులు పుష్పభాగాల పేర్లను తడుముకోకుండా అప్పజెబుతారు. అండాశయం, కీలాగ్రం, కేసరం అంటూ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు. కాని ఇంటి వెనుక పందిరి మీది బీరతీగలో మగపూవేదో, ఆడపూవేదో చూపమంటే తెల్లబోతారు. ఇది పిల్లల దోషం కాదు. మొక్కను కాగితం మీద చూపి మట్టిని దూరంగా ఉంచిన చదువుది ఆ దోషం. ఈ లోటును పూడ్చేందుకే కొన్ని కళాశాలలు విద్యార్థుల చేత రసాయనాలు లేకుండా కూరగాయలు పండిస్తున్నాయి.

ఇది నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంతాక్రూజ్ ప్రాంగణంలో 1967లో ఆలన్ చాడ్విక్ అనే ఆంగ్లేయ తోటమాలి విద్యార్థుల తోటను ప్రారంభించాడు. ఆ ప్రాంగణం తెరచి అప్పటికి రెండేళ్ళే. అతడు ఒక వాలునేలను ఎంచుకొని, యంత్రాలతో పని లేకుండా పార పట్టాడు. మడులను రెండు పారల లోతున తవ్వి, కుళ్ళిన ఆకులతో చేసిన ఎరువు కలిపి, మొక్కలను దగ్గర దగ్గరగా నాటించాడు. చూడవచ్చిన విద్యార్థులు తామూ పారలు అందుకున్నారు. కొన్నేళ్ళకు అక్కడే పెద్ద పొలం కూడా ఏర్పడింది. సేంద్రియ సేద్యం నేర్చుకొనేందుకు యువతీ యువకులు నేటికీ అక్కడికి వెళుతున్నారు.

మన ప్రాంతంలో ఈ పాఠానికి ఆకాకర ఒక్కటి చాలు. వానాకాలంలో ఎంత ధర పెట్టైనా కొనుక్కొనే ఈ కూరగాయకు ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. విత్తనంతో పెంచితే పూత పూసేదాకా ఏది ఏదో తెలియదు. అందుకే రైతులు గుర్తెరిగిన మొక్కల దుంపలు నాటుతారు. తోటలో మగమొక్క లేకపోతే ఆడమొక్క ఎంత ఏపుగా పెరిగినా కాయ కాయదు. పుప్పొడిని చేత్తో ఆడపూవుకు అద్దిన విద్యార్థి పరాగసంపర్కం అనే మాటను ఇక జన్మలో మరువడు.

ఖర్జూర వృక్షానిదీ ఇదే రీతి. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివారు మగచెట్టు పూతను ఆడచెట్టుకు చేర్చుతూ కనిపించారు. అలా చేయకున్నా బాగుంటుందేమోనని ఆయన అభిప్రాయపడగా వారు మానివేశారు. ఆ ఏడు దిగుబడి తగ్గింది. సంగతి తెలిసి ప్రవక్త (స), ఇటువంటి ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునన్న భావం వ్యక్తం చేశారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అనుభవంతో, పరిశీలనతో తేల్చుకోవలసిన జ్ఞానానికి ఇస్లాం ఇచ్చిన స్థానం దీనిలో స్పష్టమవుతుంది. 12వ శతాబ్దంలో సెవిల్లె నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో 585 మొక్కలను వివరించాడు. పూర్వుల మాటలను సేకరిస్తూనే వాటిని తన తోటల్లో పరీక్షించి చూశాడు.

ఇక తల్లిదండ్రుల సందేహం. కళాశాలలో జీవామృతం తయారుచేయిస్తున్నారనీ, తన కుమార్తె దానిలో చేయి పెట్టవచ్చునా అనీ ఒక తండ్రి నన్ను అడిగాడు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి 48 గంటలు ఉంచుతారు. హనఫీ మార్గంలో పేడ, మూత్రం నజాసత్ కిందికే వస్తాయి. అయినా ఎరువుగా వాడటాన్ని మన ఫుఖహా నిషేధించలేదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన పొలానికి స్వయంగా ఎరువు మోసుకెళ్ళేవారని ఉల్లేఖనం ఉంది. ఆ ఎరువుతో పెరిగిన కూర పరిశుద్ధమే. పైన అంటినది కడిగితే చాలు. చేతులు కడుక్కొని, దుస్తులు మార్చుకొని, వుజూ చేసి నమాజుకు నిలబడవచ్చు. మురికి అంటుతుందన్న భయంతో జ్ఞానానికి దూరం చేయడం తగదని ఆయనకు చెప్పాను. ఆడపిల్ల విషయంలో ఈ భయం మరింత ఎక్కువగా కనిపిస్తున్నది. అది ధర్మం నుండి వచ్చినది కాదు.

ఆ తోటలో నేర్వదగినది ఎంతో ఉంది. అలసంద మొక్కను పెరికి వేరుబుడిపెను చీల్చితే లోపల గులాబీరంగు కనబడుతుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు అక్కడ పనిలో ఉన్నాయనడానికి అది గుర్తు. గుమ్మడిపూవు తెల్లవారుజామునే విచ్చుకొని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఫజ్ర్ తర్వాత తిరిగి పడుకునేవారికి తేనెటీగల రాకపోకలు కనబడవు! పురుగు పడితే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పొడిని నానబెట్టి, వడకట్టి, సాయంత్రం పూట చల్లాలి. అది పురుగును వెంటనే చంపదు. ఓపిక పట్టాలి.

ఎంత శ్రద్ధ వహించినా కొన్ని కాయలు చిలుకల పాలవుతాయి, కొన్ని మేకల పాలవుతాయి. మొదటిసారి పండించే పిల్లలు దీనికి ఎంతో కుంగిపోతారు. విశ్వాసి నాటిన దానిలో మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందన్న ప్రవక్త (స) బోధను వారికి అప్పుడే వినిపించాలి.

నన్ను అడిగిన ఆ తండ్రి ఒప్పుకున్నాడు. తోటపనికి ఒక జత దుస్తులు వేరుగా పెట్టుకొమ్మని కుమార్తెకు చెప్పాడట. వాటిని విడి బకెట్టులోనే ఉతకాలన్నది మాత్రం తల్లి పెట్టిన షరతు.