నూట పదునైదేండ్ల వలసజీవి

లేపాక్షి వీరభద్రాలయములో అచ్యుతదేవరాయల కాలపు దానశాసనములు కలవు. ఎవరు, ఏ శకవత్సరమున, ఏ తిథినాడు, ఏమి దానము చేసిరో వానిలో చదువవచ్చును. కాని ఆ పొలములు దున్నిన రైతు ఎప్పుడు పుట్టినాడో ఏ రాతిమీదను లేదు. మన సీమ వృద్ధులు తమ వయస్సును కరువులతో కొలిచెడివారు. ధాత కరువుకు ముందా, వెనుకనా అన్నదే లెక్క.

ఆ ధాత, ఈశ్వర సంవత్సరముల మహాక్షామము 1876-78 నాటిది. ఆ ఈశ్వర సంవత్సరముననే, 1877 ఆగస్టు 19న, వేల్సు దేశమున స్వాన్సీ సమీపములో జాన్ ఎవాన్సు జన్మించినారు. బొగ్గుగనిలో పనిచేసి, 112 ఏండ్లు నిండిన పిదప 1990 జూన్ 10న మరణించినారు. ఇంగ్లండు, వేల్సులలో 1837 నుండియే జననములు నమోదగుచుండెను. పుట్టినచోటనే బ్రతికినవారి వయస్సు అట్టి దేశమున తేల్చుట సులభము.

దేశము విడిచినవారి సంగతి వేరు. క్రిస్టియన్ మార్టెన్‌సెన్ 1882 ఆగస్టు 16న డెన్మార్కులోని ఒక పల్లెలో జన్మించినారు. బళ్ళారి నుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచినదియు ఆ యేడే. కుట్టుపని నేర్చి 1903లో అమెరికాకు వలసపోయినారు. పాలు పంచినారు, డబ్బాల కర్మాగారములో పనిచేసినారు. సంతానము లేదు. కడపటి దినములు కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ వృద్ధాశ్రమములో గడిపి 1998 ఏప్రిల్ 25న కన్నుమూసినారు. అప్పటికి 115 సంవత్సరముల 252 దినములు. 2012 డిసెంబరులో జపానుకు చెందిన కిమురా జిరోఎమోన్ దాటువరకు పురుషులలో అదియే రికార్డు. ఆయన అడపాదడపా చుట్ట కాల్చెడివారు. విద్యార్థి మిత్రులు దీనిని ప్రమాణముగా గ్రహింపవలదు.

ఇంతటి వయస్సును నమ్ముట ఎట్లు? అమెరికాలో క్రిస్టియన్‌గా తెలిసిన ఈయనకు పుట్టినపుడు పెట్టిన పేరు థామస్ పీటర్ థోర్వాల్డ్ క్రిస్టియన్ ఫెర్డినాండ్. ఆ శిశువును ఈ వృద్ధుడును ఒకరేనని తేలవలెను. చనిపోయిన అన్న పేరును తమ్మునికి పెట్టుట మన ఇండ్లలోవలెనే అక్కడను కలదు. అట్టి చోట అన్న జన్మతిథి తమ్మునికి అంటుకొని, లేని ఏండ్లు కలిసిపోవును. అందువలన డేనిష్, అమెరికన్ పరిశోధకులు చర్చిలోని బాప్తిస్మపు పుస్తకమును, 1890, 1901 నాటి డెన్మార్కు జనాభా లెక్కలను వెదకి, తల్లిదండ్రులను, తోబుట్టువులను, ఊరిని సరిపోల్చి చూచినారు. 1996లో తమ పరిశోధన ప్రకటించినారు. మాకు ఆయన దీర్ఘాయువుకంటె ఈ వెదకులాటయే ఎక్కువ ఆశ్చర్యకరముగా తోచుచున్నది.

మన దేశమున 1886 నాటి చట్టము జనన నమోదును ఎవరి ఇష్టమునకు వారికి విడిచినది. 1969 చట్టము దానిని నిర్బంధము చేసినది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి జననపత్రమే జన్మతేదీకి రుజువు. నడుమ తరములవారికి బడిలో చేర్చుకొనునాడు పంతులుగారు అంచనాకు వ్రాసిన తేదీయే జన్మదినమైనది. అందుచేతనే ఒక్క తరగతిలో అంతమంది జూన్, జూలై నెలలలో పుట్టినారు! హిందూపురము మీదుగా బెంగుళూరికి, గల్ఫు దేశములకు పోయిన ఎందరికో పాస్‌పోర్టులోనికి ఎక్కినది ఆ తేదీయే.