ఈ వారం ఏ భాగం?

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో ఉన్న తెలుగు యూదు కుటుంబాల గురించి పత్రికల్లో వచ్చినప్పుడల్లా నన్ను ఎవరో ఒకరు అడుగుతారు: "యూదులు ఏటా ఆ ఐదు పుస్తకాలే చదువుతారట కదా, విసుగు పుట్టదా?" అడిగేవాళ్ల మనసులో ఉన్నది పారాయణం. అర్థం తెలిసినా తెలియకపోయినా పుణ్యం వస్తుందని చదివే చదువు. సినగాగులో ఆ ఐదు పుస్తకాలను, అంటే తోరాను, రాగయుక్తంగా చదవడం నిజమే. కానీ అది కాసేపటి పని. మిగతా వారమంతా జరిగేది తగువు.

ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న ఐదు పుస్తకాలను 54 భాగాలు చేశారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు. శనివారం పొద్దున ఆ వారం పరాషా మొత్తం చదువుతారు. తోలు మీద చేత్తో రాసిన ఆ చుట్టలో అచ్చుల గుర్తులుండవు, విరామచిహ్నాలుండవు. చదివేవాడు ముందే సాధన చేసి రావాలి. తప్పు పలికితే పక్కనున్నవాళ్లు అక్కడికక్కడే దిద్దుతారు.

అసలు చదువు వ్యాఖ్యాతలతోనే. ఆ వ్యాఖ్యాతల్లో పెద్దపీట రషీది. ఫ్రాన్స్‌లోని ట్రువా పట్టణంలో 1040లో పుట్టి 1105లో పోయాడు. కాళిదాసుకు మల్లినాథుడు ఎలాగో తోరాకు రషీ అలాగ. తేదీతో సహా అచ్చయి మనకు దొరికిన హీబ్రూ పుస్తకాల్లో మొదటిది, 1475 నాటిది, ఆయన వ్యాఖ్యానమే. సృష్టి కథ మొదటి వాక్యం దగ్గరే ఆయన ఓ పాత పండితుడి పేచీ ఎత్తుకుంటాడు. ఇది ధర్మశాస్త్రం కదా, ఇశ్రాయేలు జనానికి ఇచ్చిన మొదటి ఆజ్ఞతో, అంటే నిర్గమకాండం 12వ అధ్యాయంలోని నెలల లెక్కతో మొదలుపెట్టక, సృష్టి గొడవ ఎందుకు అని. ఆ నెలల లెక్క దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆయన పద్ధతి తెలియాలంటే ఆదికాండం 28వ అధ్యాయం అయిదో వచనం చూడాలి. ఇస్సాకు తన కొడుకు యాకోబును మేనమామ లాబాను దగ్గరికి పంపుతాడు. లాబాను రిబ్కాకు సోదరుడనీ, ఆ రిబ్కా యాకోబు ఏశావుల తల్లి అనీ వచనం చెబుతుంది. వాళ్ల పురుడు 25వ అధ్యాయంలోనే అయిపోయింది. ఆవిడే తల్లి అని మళ్లీ ఎందుకు చెప్పినట్టు? అక్కడ రషీ ఇది మనకు ఏం నేర్పుతోందో తనకు తెలియదని రాశాడు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా! చాలా చోట్ల ఏమీ రాయకుండా దాటేశాడు కూడా. ఇక్కడ మాత్రం పనిగట్టుకుని తెలియదని ఎందుకు రాశాడు? మంచి టీచరు దొరికితే గంట గడిచేది ఈ ప్రశ్న మీదే. అంతకుముందు అధ్యాయంలో ఏశావు యాకోబును చంపుతానంటే రిబ్కా, కొడుకులిద్దరూ ఒక్కనాడే తనకు దక్కకుండా పోతారేమోనని భయపడింది. పారిపోతున్నవాడికే కాదు, చంపుతానన్నవాడికీ ఆవిడే తల్లి అని గుర్తుచేయడానికే ఆ మాట అని ఒకరంటారు. అంతమాత్రం రషీకి తట్టలేదా అని పక్కవాడు అందుకుంటాడు.

ఇక్కడ రషీని ఇబ్బంది పెట్టినదేమిటి అన్న ప్రశ్నను ఇంటింటికీ చేర్చినావిడ నెహమా లైబోవిట్జ్. 1905లో రీగాలో పుట్టి, 1930లో యెరూషలేము చేరి బడిపంతులమ్మ అయింది. 1942 నుంచి దాదాపు 30 ఏళ్లపాటు ప్రతి పరాషా మీద ప్రశ్నపత్రాలు తయారుచేసి పోస్టులో పంపింది. కష్టమైన ప్రశ్నకు ఒక గుర్తు, మరీ కష్టమైనదానికి రెండు. సైనికులూ రైతులూ గృహిణులూ జవాబులు రాసి పంపితే ఎర్రసిరాతో దిద్ది తిరుగుటపాలో పంపేది. ప్రొఫెసరు అయ్యాక కూడా టీచరు అనే పిలిపించుకుంది. సమాధి మీద కూడా అదే చెక్కారు.

గురువు చెప్పినదానికి తలూపడం ఈ చదువులో గొప్ప కాదు. యూదు పండితుల ధర్మచర్చల గ్రంథం తాల్ముడ్‌లో ఒక కథ ఉంది. రబ్బీ యోహనాన్‌కు చదువులో జోడీ రేష్ లకీష్, ఒకప్పుడు దారిదోపిడీలు చేసినవాడు. అతను పోయాక యోహనాన్ కుంగిపోతే, తోడుగా ఎలాజార్ అనే పండితుణ్ణి పంపారు. యోహనాన్ ఏమన్నా ఎలాజార్ దానికి సమర్థనగా ఓ ప్రమాణం చూపేవాడు. ముసలాయనకు ఒళ్లు మండింది. నా మాట సరైనదని నాకు తెలియదా, రేష్ లకీష్ అయితే 24 ఆక్షేపణలు తెచ్చేవాడు, నేను 24 జవాబులు చెప్పేవాణ్ణి, అలా విషయం తేటపడేది అని వాపోయాడు.

తోరాలో రహస్య సంకేతాలున్నాయనేవాళ్లతో మాత్రం నాకు పేచీ కూడా అనవసరం. అక్షరాలు కొన్నేసి వదిలి ఏరుకుంటే ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ హత్య కనిపిస్తుందని 1997లో మైఖేల్ డ్రాస్నిన్ పుస్తకం రాస్తే ఎగబడి కొన్నారు. బ్రెండన్ మెకే అనే గణితవేత్త అదే పద్ధతిలో 'మోబీ డిక్' నవలను జల్లిస్తే, అందులోనూ నాయకుల హత్యలు బోలెడు దొరికాయి. ఏది జరిగినా కాలజ్ఞానంలో ముందే ఉందనే మన మిత్రులు ఓసారి ఏ నవలనైనా జల్లించి చూడవచ్చు.

ఇక నెలల లెక్క. యూదుల పండుగల తేదీలు ఏటా ఎందుకు మారతాయని తెలుగువాళ్లు అడగనే కూడదు. మన ఉగాది మాత్రం ఒకే తేదీన వస్తోందా? వాళ్లవీ చాంద్రమాసాలే. ఏడాదికి ఇంచుమించు 354 రోజులు, సూర్యుడి కంటే 11 రోజులు వెనక. అలా వదిలేస్తే వసంతంలో రావాల్సిన పస్కా చలికాలంలోకి జారుతుంది. అందుకని 19 ఏళ్లలో 7 సార్లు అధికమాసం. మనకైతే సంక్రమణం లేని మాసం ఏదైతే అదే అధికం, వాళ్లకు ఎప్పుడూ అదార్ నెలే. 2026లో మనకు అధిక జ్యేష్ఠం, వాళ్లకు 2027 ఫిబ్రవరి, మార్చిలలో తొలి అదార్. మనం అధికమాసంలో ముహూర్తాలు మానుకుంటాం, వాళ్లకు అదార్ అంటేనే సంబరం. క్షయమాసం బెడద లేదు. పండుగ ఏ రోజని పంచాంగాల మధ్య కొట్లాటా లేదు, లెక్క ఎప్పుడో ఖాయం చేసేసుకున్నారు.

ఈ లెక్కే పరాషాలను ఇరకాటంలో పెడుతుంది. ఆఖరి భాగం సిమ్హత్ తోరా పండుగనాడు పూర్తిచేసి, ఆ పూటే సృష్టి నుంచి మళ్లీ ఎత్తుకుంటారు. అది పోగా శనివారాలకు మిగిలేవి 53. మామూలు ఏడాదిలో శనివారాలు 50 లేదా 51. అందులోనూ పండుగ పడ్డ శనివారం పండుగ పాఠానికే. కాబట్టి కొన్ని భాగాలను రెండేసి కలిపి చదువుతారు. కలపదగిన జంటలు ఏడు, ముందే నిర్ణయమైనవి. అధికమాసం వచ్చిన ఏడాదిలో శనివారాలు పెరుగుతాయి గనక చాలా జంటలు విడిపోతాయి.

ఇంకో చిక్కు. పస్కా ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట సంప్రదాయం పాటించేవాళ్లకు ఎనిమిది. 2022 ఏప్రిల్ 23న ఆ ఎనిమిదో రోజు శనివారం పడింది. లండన్‌లో పండుగ పాఠం చదువుతుండగా యెరూషలేములో తరవాతి పరాషాకు వెళ్లిపోయారు. జులై 30న బయటివాళ్లు రెండు భాగాలు కలిపి చదివేదాకా ఆ వారం తేడా తీరలేదు. ఈ మధ్యలో ఇజ్రాయెల్ నుంచి లండన్ వెళ్లినవాడు విన్నదే మళ్లీ విన్నాడు. అటు నుంచి ఇటు వచ్చినవాడికి ఒక పరాషా తప్పిపోయింది, కూర్చుని సొంతంగా చదువుకోవాల్సిందే.