ఏ మేజరు? ఏ మైనరు?

మేజరు, మైనరు అనే ఇంగ్లిషు మాటలు పల్నాడులో రైతుకు, దస్తావేజు లేఖరికి, పంచాయతీ గుమాస్తాకు, క్వారీ యజమానికి రోజూ అవసరమే. అయితే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఆ అర్థాన్ని తేల్చేది వాటి పక్కన చేరే తెలుగు మాట.

కాలువ

ఇక్కడ అందరికీ ముందుగా తోచే అర్థం కాలువే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పల్నాడుకు నీళ్లిచ్చే కుడి కాలువ నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, చివరికి పొలాలకు పిల్ల కాలువలు చీలతాయి. 'మేజరుకు నీళ్లు వదిలారు', 'మైనరుకు గండి పడింది', 'మైనరు కింద మూడెకరాలు', 'మైనరు చివరి భూములు' అనేవి ఈ అర్థంలో స్థిరపడిన జంటలు. 'కింద' అన్న మాట చేరితే అది కాలువే.

సాగునీటి శాఖ లెక్క మాత్రం వేరు. అక్కడ ఆయకట్టు 10 వేల హెక్టార్లు దాటితే మేజర్ ఇరిగేషన్, 2 వేల హెక్టార్ల లోపైతే మైనర్ ఇరిగేషన్. ఊరి చెరువు మైనర్ ఇరిగేషన్‌లోకి వస్తుంది కానీ దాన్నెవరూ మైనరు అనరు.

వయసు

1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితే మేజరు. ఇక్కడ తోడయ్యే మాటలు 'అయ్యాడు', 'పేరున', 'తరఫున', 'తీరింది'. 'మేజరయ్యాడు', 'మైనరు పేరున ఆస్తి', 'మైనరు తరఫున సంరక్షకుడు', 'మైనారిటీ తీరింది' అంటారు. ఈ మేజరు, మైనరు తేడా తెలియకపోతే నష్టం తప్పదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం మైనరు సొంత స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అయినా అమ్మకూడదు.

పంచాయతీ, ఖనిజం

మేజర్ పంచాయతీ అంటే పెద్ద ఊరి పంచాయతీ. ఈ అర్థంలో 'పంచాయతీ' అన్న మాటను వదిలేయడం అరుదు.

ఖనిజాల్లో సున్నపురాయి పేరును 2025 దాకా పరిమాణం కాదు, వాడకం నిర్ణయించేది. సిమెంటుకు వెళ్లేది మేజర్ మినరల్. ఇళ్లకు వాడే సున్నం కోసం బట్టీలో కాల్చేది అప్పట్లో మైనర్ మినరల్. 1957 నాటి గనుల చట్టం మైనర్ ఖనిజాలకు నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రానికిచ్చింది. మాచర్లలో సిమెంటు కర్మాగారం, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు ఉన్న పల్నాడుకు ఈ తేడా బాగా తెలుసు.

'మైనరు పేరున ఉన్న రెండెకరాలూ మైనరు కిందే ఉన్నాయి' అంటే నరసరావుపేట రైతు తడుముకోడు. మొదటిది పిల్లవాడు, రెండోది కాలువ. పెద్ద, చిన్న అని అర్థమిచ్చి ఊరుకునే నిఘంటువు ఈ వాక్యాన్ని విప్పలేదు. తెలుగులో స్థిరపడిన ఇంగ్లిషు మాటను నమోదు చేయాలంటే దాని తోడు మాటలనూ వెంట రాయాలి.