రిపోర్ట్‌లో "బెథెస్డా 3" అని వస్తే పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి?

విజయవాడలో గవర్నర్‌పేట తెలుసుగా? ఏలూరు రోడ్డు మీంచి ఏ వీధిలోకి తిరిగినా ఒక ల్యాబో, స్కానింగ్ సెంటరో తగులుతుంది. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి ఫైల్ పట్టుకుని వచ్చేవాళ్ళు ఎప్పుడూ కనిపిస్తారు. రెండు నెలలుగా వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా భార్యకి థైరాయిడ్‌లో చిన్న గడ్డ ఉంది. అది క్యాన్సరా కాదా అన్నది ఇంకా తేలలేదు. ఇవాళ మాట్లాడేది ఈ తేలకపోవడం గురించే.

అసలు ఎందుకు తేలదో ముందు చూద్దాం. గడ్డ కనపడితే అల్ట్రాసౌండ్ చేసి, అవసరమనుకుంటే సన్నటి సూదితో కొన్ని కణాలు తీస్తారు. దాన్ని ఎఫ్ఎన్ఏసీ అంటారు. ఆ కణాల్ని మైక్రోస్కోప్ కింద చూసి 1 నుంచి 6 దాకా ఒక నంబర్ ఇస్తారు. 2007లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశం నుంచి వచ్చిన పద్ధతి కాబట్టి ఆ పేరు. 1 అంటే కణాలు సరిపోలేదు, 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సర్. మాకొచ్చింది 3. కణాలు కాస్త తేడాగా ఉన్నాయి, కానీ క్యాన్సర్ అనడానికి ఆధారం చాలదు. 2023 లెక్క ప్రకారం ఇలాంటివాటిలో నూటికి సుమారు 13 నుంచి 30 మాత్రమే క్యాన్సర్‌గా తేలతాయి. ఈ "మాత్రమే" నేనన్నది. అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు తనకి 13 చిన్న నంబర్‌లా కనపడదు.

అందుకే "ఏం కాదులే" అనే మాట మా ఇంట్లో లేదు. ఆ మాట అన్నవాళ్ళకి హాయిగా ఉంటుంది గానీ, విన్నవాళ్ళు ఇక భయం గురించి నోరెత్తలేరు. తనే తేల్చి చెప్పింది: "నువ్వు ధైర్యం చెప్పకు. డాక్టర్ ఏమన్నారో రాసిపెట్టు, చాలు."

సో, డాక్టర్ రూమ్‌లో నా పని ఫోన్‌లో నోట్స్ రాయడం. మూడే ప్రశ్నలు అడుగుతా: తర్వాతి పరీక్ష ఏంటి, ఎప్పుడు, ఆగితే నష్టమా? మాకు చెప్పిందేంటంటే, మళ్ళీ ఒకసారి సూది పరీక్ష. అప్పటికీ తేలకపోతే ఒక వైపు థైరాయిడ్ తీసి పూర్తిగా పరీక్షించాల్సి రావచ్చు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగేవే కాబట్టి, కొన్ని వారాలు ఆగినా ఫర్వాలేదన్నారు. మీ కేసులో ఆగొచ్చా లేదా అన్నది మీ డాక్టరే చెప్పాలి.

మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. మగవాళ్ళు డాక్టర్ని పక్కకి తీసుకెళ్ళి "ఆవిడకి చెప్పకండి" అంటారు. నాకది అస్సలు నచ్చదు. ఒళ్ళు తనది, రిపోర్ట్ ముందు చదవాల్సింది కూడా తనే. బంధువుల్లో ఎవరికి చెప్పాలో కూడా తనే చెప్పింది: మా అత్తయ్యకి, మా అక్కకి, అంతే. అయినా విషయం ఎలాగో పాకి, ఒక పిన్ని ఏదో ఆకు రసం వీడియో పంపింది. దానికి జవాబు నేనిచ్చా, తన దాకా రానివ్వలేదు.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. సూది పరీక్ష చేసిన గాజు స్లైడ్‌లని ల్యాబ్‌ని అడిగి తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో బసవతారకం, విశాఖలో హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇంకో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే, రిపోర్ట్ కాగితంతో పాటు అవీ పట్టుకెళ్ళండి. మళ్ళీ సూది పొడిపించుకోకుండా అవే కణాల్ని ఇంకో పాథాలజిస్ట్ చూడగలరు. పగిలిపోతాయి, డబ్బాలో పెట్టి ఇమ్మనండి.

మా రెండో పరీక్ష వచ్చే గురువారం. ఆ రిజల్ట్ ఇక్కడ చెప్పాలా వద్దా అన్నది తనిష్టం.